అందరి మిషన్లకూ బొట్టు పెట్టారు

ఇంద్రేశం,
11 అక్టోబరు, 2009.

అక్క శివమ్మకు తమ్ముడు శ్రీశైలం నమస్కారాలు. ఇక్కడ అమ్మ క్షేమం, నేను క్షేమం, నా కోపం కూడా క్షేమం. అక్కడ గుజరాత్ వాపిలో నువ్వూ బావా పాపా బాగున్నారనుకుంటాను. ఈ బ్రెయిలీ చుక్కల రాత మీ ఇంట్లో నీకొక్కదానికే వస్తుంది. బావకు చదివి వినిపించేటప్పుడు నా మాటల మీద చక్కెర చల్లకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, పొద్దున్నే పాలకేంద్రం దాకా నడిచి వస్తోంది. పాప గౌను బిగుతైందన్నావని ఇంకొకటి కుడుతోంది. నేను వేళకు తింటున్నాను. కరపత్రాల పిచ్చి మానుకోమన్నావు. అది మానను. యూనియన్ ఆఫీసులో సోమయ్య మామ చదువుతాడు, నేను వింటాను. దయ వేరు, హక్కు వేరు అని నాకు చెప్పింది ఆ కాగితాలే. ఇన్నేళ్లలో ఏ మనిషీ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. దసరా పూజ నాడు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఏం చేశావు, మేనేజరు చలపతిరావు సారు బావకు ఫోన్ చేసి ఎందుకు అంత అరిచాడు అని అడిగావు. సారు చెప్పింది మీరు విన్నారు. నేను చెప్పేది కూడా వినండి.

బావ అక్కడి ప్లాంటుకు బదిలీ అయి వెళుతూ, చూపులేని బామ్మర్దికి ఏదైనా పని ఇవ్వండని సారును బతిమాలి నన్ను స్టోర్స్‌లో పెట్టించాడు. మంచికే చేశాడు, కాదనను. కానీ వాళ్లు నాకిచ్చింది పని కాదు, ఒక స్టూలు. ఎదురుగా ఒక కంప్యూటరు, దాని మీద ప్లాస్టిక్ ముసుగు. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అందులో లేదు. బయటివాళ్లు ఎవరైనా చూడడానికి వచ్చిన రోజు ముసుగు తీసి, నా చేతులు కీబోర్డు మీద పెట్టించి, మా వికలాంగ ఉద్యోగి అని చూపిస్తారు. వాళ్ల జీపు గేటు దాటగానే మళ్లీ ముసుగు. మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఎక్కించండని ఎన్నిసార్లు అడిగానో. కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ అతనికి రేపు అనే మాట తప్ప ఇంకో మాట రాదు.

అందుకే హైదరాబాద్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ల మీటింగుకు వెళ్లి కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే సిస్టమ్ సీడీ తెచ్చుకున్నాను. ఆ సీడీ, కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడే మాట్లాడుతుంది. పక్కన కూర్చుని చూసి చెప్పేవాడు అక్కర్లేదు.

ఆయుధపూజ నాటి సంగతి నీకు తెలిసిందే. కొబ్బరికాయలు కొట్టాక మిషన్లన్నీ బంద్, మరునాటి దాకా ఎవరూ ముట్టరు. అందరూ ప్రసాదం దగ్గర ఉన్నారు. ఇదే సమయమని వెళ్లి పొద్దున్నే బల్ల మీద తీసిపెట్టుకున్న సీడీ అంచులు పట్టుకుని లోపల పెట్టాను. మెరిసే వైపు వేలు తగలొద్దని చెప్పారు, తగలనివ్వలేదు. మొదట్లో మాట ఉండదు. ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో బట్టీ పట్టుకున్నాను, నొక్కాను, చెవి ఒగ్గి కూర్చున్నాను. డప్పు మీద దెబ్బ వేసినట్టు చిన్న శబ్దం. తర్వాత ముక్కుతో మాట్లాడే ఒక ఇంగ్లీషు గొంతు. అక్కా, ఆ గొంతు అంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

భాష అడిగింది, ఊరు అడిగింది. పాతదంతా చెరిపేయాలా అని అడిగింది. చెరిపెయ్ అన్నాను. సగం దాకా ఎక్కింది. ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది. సీడీ గిర్రున తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం. పాతది పోయింది, కొత్తది రాలేదు. కంపెనీ మిషన్ నా చేతిలో చచ్చింది, దాంతో పాటు బావ మాట కూడా పోయిందనుకున్నాను.

సీడీ బయటికి తీసి, ఇక తప్పదని మెరిసే వైపు తడిమాను. చివరన పొడిపొడిగా ఏదో. వాసన చూస్తే కుంకుమ. ఊడ్చే బక్కమ్మత్త అక్కడే ఉంది. ఎవరు పెట్టారిది అని ఆమె మీద అరిచాను, నోటికొచ్చింది అన్నాను. ఆమె మెల్లగా అంది:

"అందరి మిషన్లకు బొట్టు వెట్టిండ్రు బిడ్డా. తూకం కాంటకు సుత వెట్టిండ్రు. నీ దానికి ఎవ్వలు వెట్టలె. అది పని జేసే మిషన్ గాదట. నాకు పానం ఒప్పలె, నేనే వెట్టిన. గా మెరిసే బిళ్లకు గూడ వెట్టిన."

నా కోపం ఆమె మీదనుంచి లేచి ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. అత్తా, తప్పయింది అన్నాను. ఆమె కొంగు తడిపి ఇస్తే, మధ్య నుంచి అంచుకు తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆగలేదు. చివరికి నీ పేరేమిటి అని అడిగింది. బ్యాంకులో, ఆసుపత్రిలో, బస్సులో అందరూ వెంట ఎవరొచ్చారు అనే అడుగుతారు. అది నా పేరు అడిగింది. నేనే టైపు కొట్టాను.

అప్పుడొచ్చాడు చలపతిరావు సారు. పూజ చేసిన మిషన్ ముట్టుకుంటావా అని గొంతు పెంచాడు. నా మిషన్‌కు మీరు పూజ చేయలేదు సార్ అన్నాను. సిస్టమ్ నేనే ఎక్కించానంటే ఆయన నమ్మలేదు, ఎవరు చేసిపెట్టారని నలుగురినీ నిలదీశాడు. మరునాడు అందరి ముందూ నడిపి చూపించమన్నాడు. చూపించాను. చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. ఇక సరుకు రాకపోకల ఎంట్రీలు నాకివ్వండి సార్ అన్నాను. ఆయన నా భుజం తట్టాడు.

"పనెందుకయ్యా నీకు? జీతం ఇస్తున్నాం కదా. సిస్టమ్స్ అబ్బాయి వచ్చి పాతది ఎక్కిస్తాడు, నువ్వు కూర్చో."

అక్కా, ఆయన తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. ప్రేమగా అన్నాడు.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. నేను ఆ ఉద్యోగంలో లేను, సారు మీకిది చెప్పినట్టు లేదు. ఆ కంప్యూటర్ మీదనే రాజీనామా కొట్టి, ప్రింటు తీసి, సారు బల్ల మీద పెట్టి వచ్చాను. అమ్మకు చెప్పలేదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని అదే వేళకు బయలుదేరి, పటాన్‌చెరులో బాలప్ప నెట్ సెంటర్‌కు పోతున్నాను. చెడిన కంప్యూటర్లకు సిస్టమ్ ఎక్కిస్తున్నాను. మొన్న ఒకదాంట్లో ఎవరివో ఫైళ్లు పోగొట్టాను. బాలప్ప అందరూ వినేలా తిట్టాడు. పని చెడగొట్టావని నన్ను ఒకరు తిట్టడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. చెవులు కాలాయి, కానీ మరునాడు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లాను. అమ్మకు వచ్చే ఆదివారం నేనే చెబుతాను, నువ్వు ముందే ఫోన్ చేయకు.

క్షమాపణ రాసిస్తే స్టూలు అలాగే ఉంటుందని సారు అన్నాడట, బావ రాయమంటున్నాడని నువ్వు రాశావు. అక్కడ బావకు మాట పడుతుందని నాకు తెలుసు, ఆ బాధ నాకు లేకపోలేదు. కానీ రాయను. బావను ఒక్క పని చేయమను. సారుకు ఫోన్ చేసి, మా బామ్మర్ది ఇన్నాళ్లు మీ దగ్గర ఏం పని చేశాడు సార్ అని అడగమను. ఆయన చెప్పే జవాబు తల దించుకోకుండా చివరిదాకా వినగలిగితే చెప్పమను, మర్నాడే వెళ్లి ఆ స్టూలు మీద కూర్చుంటాను.

ఇట్లు,
పనిలో ఉన్న నీ తమ్ముడు,
శ్రీశైలం.