టగ్ గుండె కొలత

మార్చి 3, సోమవారం
నేను గుండె కొలుస్తున్న హంటవే జాతి కుక్కల్లో ఈ రోజు పదకొండోది. పేరు టగ్, వయసు నాలుగేళ్ళు. యజమాని గ్రాహం — మా ఆసుపత్రి ఉన్న హామిల్టన్‌కి గంట దూరంలో గొర్రెల ఫారం. మొరిగి మొరిగి మందని తోలే జాతి కదా, నా టేబుల్ మీద కూడా అదే పని. గ్రాహం ఒక్క ఈల వేశాడు... టగ్ చప్పున పడుకున్నాడు. టేబుల్ మధ్య రంధ్రంలోంచి స్కానింగ్ ప్రోబ్ పెట్టి చూశాను. గుండె నింపాదిగా కొట్టుకుంటోంది. కానీ ఎడమ గది పెద్దది. ఈ సైజు కుక్కకి పుస్తకంలో రాసిన కొలత దాటేసింది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే.

మార్చి 4
స్కాన్ చూసి నా గైడ్ హెలెన్ పెదవి విరిచింది. ‘గుండె సాగిపోతోంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల జాబితాలోంచి తీసేయ్. పని మానిపించమని గ్రాహంకి చెప్పు.’
‘ఈ జాతికి ఎంత ఉండాలో తెలియకే కదా కొలుస్తున్నాం?’ అన్నాను.
‘పుస్తకం ఉందిగా.’
పుస్తకంలో ఉన్నవి వేరే జాతుల కొలతలు! పుస్తకం దాటినవాళ్ళందరినీ తీసేస్తే చివరికి మిగిలేది ఆ పుస్తకమే. ఒళ్ళు మండిపోయింది. గైడ్ కదా అని నోరు మూసుకున్నాను. ఇంకోసారి మూసుకోను.

మార్చి 5
గ్రాహంకి ఫోన్. అనుమానం తేలేదాకా పని వద్దన్నాను. ఆయన అన్నాడు — ‘వాడు ఇంట్లో కూర్చునే కుక్క కాదు... ఏప్రిల్‌లో కొండ మీది మంద దించాలి.’ పనికి రాని కుక్కని ఏం చేస్తారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మార్చి 8
టగ్ ఛాతీకి గుండె దెబ్బలు నమోదు చేసే రికార్డర్ కట్టి పంపాను. ఒక రోజంతా ఉంచాలి.

మార్చి 11
ఒక్క తప్పు దెబ్బ లేదు. ఒక్కటీ!
హెలెన్: ‘మంచిదే. కానీ ఈ జబ్బు మొదట్లో ఇలాగే ఉంటుంది. సైజు సైజే.’

మార్చి 12
అన్నం కలుపుతూ సతీష్: ‘ఒక్క కుక్కనే కదా, తీసేయరాదు? గైడ్‌తోని లొల్లి ఎందుకు పెట్టుకుంటున్నవ్?’ పెళ్ళైన ఆరేళ్ళకి ఈ సలహా.
కూరగాయల షాపులో సుజాత ఆంటీ ఇంకో అడుగు ముందుకేసింది — ‘కుక్కల గుండెలు చూడనీకి ఇంత దూరం వచ్చినవా బిడ్డా?’
అవును ఆంటీ. అందుకే వచ్చాను.

మార్చి 14
దొరికింది. తప్పు మాదే, అందులో నా వాటా కూడా ఉంది.
మిగతా పది కుక్కలూ ఎక్కడివి? అన్నీ టౌన్‌లో పెరిగేవే. నర్సులవి, రిసెప్షన్ అమ్మాయిది, వాళ్ళ స్నేహితులవి. వారం మధ్యలో, పగటిపూట రమ్మని బోర్డు పెట్టాం — ఏ రైతు పని ఆపుకుని తెస్తాడు? గ్రాహం టగ్ టీకా కోసం వచ్చాడు కాబట్టి దొరికాడు. సోఫాల మీద పడుకునే పది కుక్కలని కొలిచి, రోజూ కొండలెక్కేవాడికి రోగం అంటగట్టాం. సిగ్గేసింది. తర్వాత మళ్ళీ కోపం వచ్చింది.

మార్చి 23, ఆదివారం
రెండు రోజులు ఫారాలు తిరిగాను. పోర్టబుల్ మెషీన్ కారు వెనక సీట్లో, డ్రైవింగ్ సతీష్. గొణుగుతూనే వచ్చాడు. ఉన్ని కత్తిరించే షెడ్లలో, బల్లల మీద ఆరు పని కుక్కలు. తలలు పట్టుకుంది కూడా సతీషే. మూతి నాకించుకుని నవ్వాడు, నేను చూశాను.
ఆరింటిలో ఐదింటి గుండె పెద్దదే. ఐదూ లేళ్ళలా పరిగెడుతున్నాయి.

మార్చి 24
హెలెన్: ‘ఆరు కుక్కలతో ఏదీ రుజువు కాదు.’
నిజమే. నాకూ తెలుసు. అదే నా ఏడుపు.

ఏప్రిల్ 2
గ్రాహంకి ఉత్తరం రాశాను. ‘టగ్ పని చేయవచ్చు. అనుమానం పూర్తిగా పోలేదు. ఆరు నెలలకి మళ్ళీ స్కాన్ చేయాలి.’
హెలెన్ చదివి తిరిగి ఇచ్చేసింది. ‘నేను సంతకం పెట్టను.’
నేను పెట్టాను. ఇక్కడి పశువైద్యుల రిజిస్ట్రేషన్ పరీక్ష రెండుసార్లు రాసి పాసయ్యింది ఎందుకు మరి?

ఏప్రిల్ 3
భయంగా ఉంది. అయినా వెనక్కి తీసుకోను.

ఏప్రిల్ 12, శనివారం
గ్రాహం ఫారం. కొండ కింద, గేటు పక్కన, కారులో కూర్చుని రాస్తున్నాను. రమ్మని ఎవరూ పిలవలేదు, నేనే వచ్చాను. పొద్దున్నే మూడు కుక్కలతో పైకి వెళ్ళాడు. ‘టగ్‌ని చూడు, ఆగట్లేదు’ అని నవ్వాడు. నిజంగానే ఆగలేదు, బండి తలుపు పూర్తిగా తీయకముందే దూకాడు.
హెలెన్ మెసేజ్ — ‘సోమవారం నా రూముకి రా. కొలతల టేబుల్ తీసుకురా. పదకొండో వరస లేకుండా.’
తీసుకెళ్తాను. పదకొండో వరసతోనే. కింద ఆరు కొత్త వరసలు కూడా. కావాలంటే తన చేత్తో తనే కొట్టేసుకోనీ, నేను మాత్రం కొట్టేయను.
పన్నెండున్నర. మంద మలుపు తిరిగింది. గొర్రెలు తెల్లగా, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ కిందికి వస్తున్నాయి. వెనక గ్రాహం. ఒక పక్క ఒక కుక్క, ఇంకో పక్క ఇంకోటి.
మూడింటిలో రెండే కనిపిస్తున్నాయి. టగ్ ఏడీ?
స్టెతస్కోప్ మెళ్ళో ఉంది. దిగుతున్నాను —