పడవకి కొత్త నడక

జూన్ 4

అక్క ఒప్పుకుంది. ఒప్పుకుంది అనడం కూడా ఎక్కువే. సెలవులయ్యి మన రైడింగ్ స్కూలు తెరిచేలోపు ఈ గుర్రాన్ని పిల్లలు ఎక్కేలా తయారుచెయ్యి, లేకపోతే బండి పందేల ఆయనకి ఇచ్చేస్తాను, అంది. మొహం చూడకుండా అంది. నా మొహం కాదు, గుర్రం మొహం.

పోయినేడాది పందెంలో చక్రం ఊడి, వీడు లాగుతున్న బండి తిరగబడింది. తోలుతున్నది బావ. అప్పట్నించీ ఎడమకాలు వంగదు, కర్ర లేనిదే నడవలేడు. గుర్రానికి గీత కూడా పడలేదు. అక్కకి అదే మంటేమో. తప్పు చక్రానిది, వాడిది కాదు అని బావ వందసార్లు చెప్పాడు. చక్రం మీద ఎవరు కోప్పడతారు?

జూన్ 5

వీణ్ణి మేం పడవ అంటాం. ఎక్కినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. మామూలు గుర్రం ట్రాట్ చేస్తే కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ కలిసి లేస్తాయి. వీడికి చిన్నప్పట్నించీ పేస్ నేర్పారు. ఒక పక్క కాళ్ళు రెండూ ఒకేసారి, తర్వాత రెండో పక్కవి. కాళ్ళకి పట్టీలు కట్టి మరీ నేర్పారు. బండికి ఏ ఇబ్బందీ లేదు. జీను మీద కూర్చుంటే మాత్రం అటూ ఇటూ ఊగి కడుపులో తిప్పేస్తుంది. పిల్లలైతే జారిపోతారు.

జూన్ 9, సాయంత్రం

ఇసకలో దుంగలు పరిచాను. వాటి మీంచి వెళ్ళాలంటే ఒకే పక్క కాళ్ళు కలిపి వెయ్యడం కుదరదు, ఆలోచించుకుని వెయ్యాలి. పడవ ఆలోచించలేదు. తట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. నేను వాడి మెడ మీదుగా నేల మీదికి. లేచి చూస్తే అక్క ఆఫీసు కిటికీలో ఉంది. కర్టెన్ లాగేసింది.

జూన్ 10

ఒళ్ళు హూనం.

జూన్ 17

ట్రాట్ చేశాడు! కొన్ని అడుగులే. ఊగుడు ఆగిపోయి, కింద నించి ఎవరో ఎత్తి కుదేసినట్టయింది. అంత హాయిగా ఎప్పుడూ కుదుపు తినలేదు.

బావకి చెప్తే కర్ర గాల్లోకెత్తి, పడబోయి, గోడ పట్టుకున్నాడు. అక్కకి చెప్తే, ఆ కాసిని అడుగులతో పిల్లలు ఎక్కడికెళ్తారే అంది. నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండింది.

జూన్ 20

బండి పందేల ఆయన వచ్చాడు. పడవ పళ్ళు చూశాడు, కాళ్ళు తడిమాడు. తను తెచ్చిన బండిని లాయం ముందు నించే లాక్కెళ్ళాడు. ఆ చక్రాల చప్పుడుకి పడవ మూలకి వెళ్ళిపోయి నిలువెల్లా వణికాడు. చెమటలు. బావ లోపలికెళ్ళి మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు. వీణ్ణి మళ్ళీ చక్రాల ముందు కడతారా అని నన్నడిగాడు.

నన్నెందుకు బావా, మీ ఆవిణ్ణి అడుగు, అన్నాను.

అడిగాట్ట. ఆ రోజు నిన్ను స్ట్రెచర్ మీద చూసింది నేను, నువ్వు కాదు, అందట అక్క.

జూన్ 26

ఎలా వస్తే అలా రాస్తాను.

పొద్దున అక్క మొదటిసారి చూడ్డానికి వచ్చింది. గేటు వేసి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. పడవ దుంగల మీద బాగా చేశాడు, దుంగలు లేకుండా కూడా. అక్క మొహంలో ఏదో కదిలిందనుకున్నాను. అంతలో వెనక ఎవరో దాణా తోపుడుబండిని రాళ్ళ మీద లాక్కొచ్చారు.

చక్రాలు. అంతే. పేస్‌లో పడి దూసుకుపోయాడు. పగ్గాలు లాగాను. ఇంకా స్పీడ్. ఇంకా లాగాను. ఎదురుగా గేటు, గేటు ముందు అక్క. తప్పుకోమని అరిచాను. కదల్లేదు. కాళ్ళు రాలేదేమో.

బావ గొంతు చించుకుంటున్నాడు. లాగకు, పందెం గుర్రాన్ని లాగితే పరిగెత్తమని అర్థం, వదిలెయ్, వదిలెయ్!

వదిలెయ్యడమా? ఎదురుగా అక్కని పెట్టుకునా?

వదిలేశాను. మొత్తం. జూలు పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నానో ఏమో, గుర్తులేదు. పడవ మెడ దించాడు. ఊగుడు తెగిపోయింది. కింద నించి ఒక ఎత్తు. మళ్ళీ ఒకటి. ట్రాట్. తర్వాత నడక. మూతి అక్క ఛాతీకి తగిలేంత దగ్గర ఆగాడు.

అక్క చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. వాడి మూతి మీది నురగని తన చొక్కా చేత్తో తుడిచింది. ఆఫీసులోకెళ్ళి తలుపేసుకుంది. బావ తలుపు బయటే కూర్చున్నాడు.

జూన్ 27

ఆఫీసు కిటికీ కర్టెన్ ఇవాళ తెరిచే ఉంది.

జూన్ 29

బండి పందేల ఆయన ఫోన్ చేశాడు. అక్కే ఎత్తింది. ఏమనుకోకండి, ఆ గుర్రం మీకింక పనికిరాదు, పందెం నడక మర్చిపోయింది, అంది. నేను నవ్వాపుకోలేక గోడకేసి తిరిగాను. ఫోన్ పెట్టేసి, పళ్ళికిలించింది చాలు, వెళ్ళి వాడికి నీళ్ళు పెట్టమంది.

జూలై 2, పొద్దున ఆరు

లాయంలో పడవ లేడు. జీను లేదు. బావ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అక్క తీసుకెళ్ళింది, ఎవర్నీ రావద్దంది, అన్నాడు.

ఇప్పుడే మలుపులో కనిపించారు. అక్క నవ్వుతోందో ఏడుస్తోందో ఇంత దూరం నించి తెలీట్లేదు. ట్రాట్ మాత్రం ట్రాటే.