వెన్నెల తెర మీద పన్ను

ఏవండీ,

మీరు నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి నేను గుంటూరు బండిలో ఉంటాను. అన్నం, చింతచిగురు పప్పు వంటింట్లో మూతపెట్టి ఉన్నాయి. మేడ మీద రేపల్లె నాటకం వాళ్ల కోసం నేను బొమ్మ వేసిన తెర ఆరేశాను. ఎండ తగ్గగానే, మబ్బు పడితే ఇంకా ముందే, చాపలా చుట్టండి. మడత పెట్టారో, చందమామ నడిమికి పగులుతాడు.

వెళ్లేది పన్ను ఆఫీసుకే. బడి జీతం ఒక్కటైతే పన్ను పడదు. తెరల డబ్బు కలిపితే పడుతుంది. "నీ కాలక్షేపానికి పన్నేంటి? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు నిన్న. కొల్లిపర దగ్గర కృష్ణ మీద వెన్నెల వేస్తుంటే నేను మేడ మీద ఉండనండి. తెర మీద వేసిన పడవే నన్నెక్కించుకుని వెళ్లిపోతుంది. మీరు కాఫీ అని కేకేస్తే అవతలి ఒడ్డు నుంచి వినిపిస్తుంది. ఏ రోజూ తిరిగొచ్చి కాఫీ కలపకుండా ఉండలేదు కదా. అంత దూరం పోయి తెచ్చుకున్న డబ్బును దొంగసొమ్ములా దాచటం నాకు చేతకాదు.

కోపం తెచ్చుకోకండి. సాయంత్రం బండికి వచ్చేస్తాను. వాన పడితే స్టేషనుకు గొడుగు తీసుకురండి.

ఇంకో మాట. పంతులమ్మ పేరు నాటకాల తెర మీదేంటి అని మీరు అన్నారని ఇన్నేళ్లూ రాయలేదు. డబ్బు నాదని సర్కారుకే చెప్పబోతున్నాను, తెర నాదని జనానికి చెప్పటానికి జంకెందుకు? కుడివైపు కింది మూల ఎర్రగా "సుగుణ, తెనాలి" అని ఉంటుంది. ఇంకా తడి ఆరలేదు. చెయ్యి తగలనివ్వకండి.