తొందరరావు ఎదుటి కుర్చీ

నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేము కులాసాగానే ఉన్నాం. మీరూ కులాసాగా ఉన్నారని మీ ఉత్తరంలోని మొదటి వాక్యం చెబుతోంది గానీ, మిగతా పేజీలన్నీ ఆ వాక్యాన్ని ఖండిస్తున్నాయి. అందుచేత దాన్ని పక్కనపెట్టి, మిగతా పేజీలకే జవాబు రాస్తున్నాను. ఫోనులో చెప్పవచ్చు కదా అంటారేమో. ఫోనులో నేను మిమ్మల్ని ఒక్క మాట కూడా పూర్తి చేయనివ్వనని అమ్మకు ఫిర్యాదు చేసింది మీరే. ఉత్తరానికి ఎవరూ అడ్డుపడలేరు.

అమ్మ మోకాలు చాలావరకు నయం. మెట్లు ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంటుంది, దిగేటప్పుడు నన్నే తిడుతుంది, నేను మరీ వేగంగా దిగుతున్నానట. బడికి సెలవు పెట్టకుండా వెళ్తోంది. ఇందాక నా వెనక నిలబడి చదివి, "ఏమే, మీ నాన్నకు జవాబు రాస్తున్నావా, తీర్పు రాస్తున్నావా?" అంది.

"రెండూ" అన్నాను.

"అయితే తీర్పు కాస్త పొట్టిగా రాయి. మనిషి అసలే నీరసంగా ఉన్నాడు."

పొట్టిగా రాయడం నాకు చేతకాదని మీ ఇద్దరికీ తెలుసు.

పాత ఉద్యోగం ఎందుకు మానేశారని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి అన్నది మీ మొదటి ప్రశ్న. వెళ్ళిన రెండు చోట్లా "కొన్ని ఇబ్బందుల వల్ల" అని నీళ్ళు నమిలానని మీరే రాశారు. నాన్నా, ఇంతకంటే ప్రమాదకరమైన సమాధానం నేను ఏ డిబేట్ వేదిక మీదా వినలేదు. ఆ మాట వినగానే ఎదుటివాడు తన ఊహకు పదును పెడతాడు. తాగి వచ్చేవాడా, సరుకు మాయం చేశాడా, యజమాని మీద చెయ్యి చేసుకున్నాడా అని ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. మీరు చేయని తప్పులన్నిటినీ మీరే తలుపు తీసి లోపలికి పిలిచినట్టయింది. జరిగింది జరిగినట్టు చెప్పండి: "బస్సులకు ఆర్డర్లు ఆగిపోయాయి. మా పెయింటింగ్ విభాగాన్ని మొత్తం మూసేశారు. చివరి బస్సు గేటు దాటేవరకు నేను ఉన్నాను." అంతే. తర్వాత ఆగిపోండి. ఎదుటివాళ్ళు మాట్లాడకుండా చూస్తూ ఉంటే చూడనివ్వండి. ఆ నిశ్శబ్దాన్ని నింపే బాధ్యత మీది కాదు. పాత యజమానిని తిట్టకండి, వెనకేసుకు రాకండి. అతన్ని ఉద్యోగంలోకి తీసుకోవడానికి వాళ్ళు అక్కడ కూర్చోలేదు.

ఆ ఊళ్ళో పనులు ఎక్కడున్నాయో తెలియడం లేదని రాశారు. పత్రికలో ప్రకటన పడేసరికి ఆ గేటు ముందు మనుషులు కిక్కిరిసిపోతున్నారన్నది నిజమే. కాబట్టి ప్రకటన దాకా ఆగకూడదు. ఆలోచించండి: గడ్డు రోజుల్లో కొత్త బస్సు కొనేవాడు ఉండడు. కానీ జనం బస్సెక్కడం మానలేదు. కొత్తది కొననివాడు పాతదాన్నే బాగు చేయించుకుంటాడు. కనుక కొత్త బండ్లు కట్టే ఫ్యాక్టరీల చుట్టూ తిరగడం మాని, పాత బండ్లకు పుట్టీ పెట్టి రంగులు వేసే షెడ్ల వైపు తిరగండి. బడి బస్సులు, పాల వ్యాన్లు, సామాన్ల లారీలు, ఏవైనా సరే. ఆ షెడ్లలో దేనికి పని ఉందో చెప్పగలిగినవాడు మీకు ఇరవై ఏళ్ళుగా పరిచయమున్న రంగుల దుకాణం ఆయన. ఇప్పటికీ థిన్నర్ డబ్బాలు, గరుకు కాగితం కట్టలు ఎవరు పట్టుకెళ్తున్నారో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మీరు మాత్రం ఆయన కనిపిస్తే వీధి మార్చేస్తున్నానని రాశారు! ఆ వాక్యం దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. తప్పు చేసినవాడిలా మీరెందుకు మొహం చాటేయాలి? వెళ్ళి అడగండి. అయితే అడిగే తీరు ఒకటుంది. "ఏదైనా ఉద్యోగముంటే చూడండి" అంటే ఆయన నెత్తిన బరువు పెట్టినట్టు. చూస్తానంటాడు, చూడలేడు, ఆ తర్వాత ఆయన వీధి మారుస్తాడు. "పని ఎక్కువై మనుషులు చాలక ఇబ్బంది పడుతున్న షెడ్డు ఏదైనా ఉందా?" అని అడగండి. ఇది కబురు అడగడం. కబురు చెప్పడానికి ఎవరికీ బరువుండదు, పైగా సరదా.

దరఖాస్తులో "ముప్పై ఏళ్ళ అనుభవం" అన్న మాటను మొదటి వరుసలోంచి తీసేయండి. అది మీకు గర్వకారణం కావచ్చు, చదివేవాడు మాత్రం మీ వయసు లెక్కేసుకుంటాడు. దాని బదులు మీరు రంగు వేయించిన బండ్ల ఫొటోలు, తుప్పు పట్టి వచ్చినప్పటివీ మెరుస్తూ వెళ్ళినప్పటివీ, పక్కపక్కన పెట్టి జతచేయండి. మీ పాత సహోద్యోగుల ఫోన్లలో అవి బోలెడు ఉంటాయి. ఉదయం మునుపు ఫ్యాక్టరీకి వెళ్ళిన వేళకే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గదిలోంచి బయటపడండి. పదింటి దాకా లుంగీతో కూర్చున్న మనిషికి పదకొండింటికి ధైర్యం రమ్మంటే రాదు.

ఆదివారం బాబాయి వచ్చాడు. మీ తమ్ముడు కాబట్టి మర్యాదగానే మాట్లాడానని ముందే మనవి చేసుకుంటున్నాను. అమ్మ వేరే విధంగా చెబితే నమ్మకండి.

"మీ నాన్నకు యాభై దాటాయి. కుర్రాళ్ళకే దిక్కులేని రోజులివి. వచ్చేసి ఇంట్లో కూర్చోమను, పరువుగా ఉంటుంది" అన్నాడు.

"ఇంట్లో కూర్చోవడం పరువు ఎప్పటినుంచి అయింది బాబాయ్? నిరుడు నేను పరీక్షలకు ఇంట్లో కూర్చుంటే పనీపాటా లేదన్నావుగా?"

"నీతో నేను మాట్లాడలేను తల్లీ. డిబేట్లలో కప్పులు గెలిచినదానివి."

"కప్పుల సంగతి అమ్మనడుగు. వాటిలో పెన్సిళ్ళు పెట్టుకుంటోంది."

"ఒకదాంట్లో చెంచాలు కూడా" అంది అమ్మ వంటింట్లోంచి.

బాబాయి నవ్వేసి అసలు సంగతి బయటపెట్టాడు. తనకు తెలిసిన ఒకాయన ఉన్నాడట. ముందుగా కొంత ముట్టజెబితే మీకు పెద్ద కంపెనీలో సూపర్‌వైజర్ పని ఖాయమట. ఆయన మీకూ ఫోన్ చేస్తాడు. దయచేసి ఎత్తకండి. ముందే డబ్బు అడిగేవాడు ఉద్యోగం ఇచ్చేవాడు కాదు, ఉద్యోగం అమ్మేవాడు. అమ్మడానికి అతని దగ్గర సరుకుండదు. బాబాయికి ఈ మాట చెబితే, "నీకు అన్నీ అనుమానాలే" అన్నాడు. ఔను, అన్నీ అనుమానాలే. అందుకే మన ఇంట్లో ఇంకా మోసపోనిదాన్ని నేనొక్కదాన్నే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం చివరి పేజీ అడుగున, కనిపించకపోతే బాగుండునన్నట్టు చిన్న అక్షరాల్లో మీరు రాసింది. అంబులెన్సులు తయారుచేసే షెడ్డు నుంచి సోమవారం రమ్మని పిలుపు వచ్చిందనీ, అక్కడ మనుషుల్ని తీసుకునేది మీ తొందరరావేననీ, కాబట్టి వెళ్ళననీ, నెలాఖరుకు గది ఖాళీ చేసి వచ్చేస్తాననీ.

తొందరరావు నాకు బాగా గుర్తు. మీ కింద పని నేర్చుకుంటూ, మొదటి పూత ఆరకముందే రెండో పూత వేసేవాడు. ఆ పేరు పెట్టింది మీరు, నలుగురిలో నిలిపింది మీ విభాగమంతా. ఒకసారి బస్సు ఒక పక్కంతా ఉబ్బులు తేలితే, అందరి ముందూ అతని చేతే గీకించి మళ్ళీ వేయించారు. ఆ వారం ఇంటికొచ్చినప్పుడు మీరే బాధపడ్డారు. ఇప్పుడు అతను ఇన్‌ఛార్జి, మీరు దరఖాస్తుదారు. "పగబట్టి ఉంటే భరిస్తాను. జాలిపడితే మాత్రం భరించలేను" అని రాశారు.

నాన్నా, వాక్యం బాగుంది. చాలా బాగుంది. వాక్యం బాగున్నంత మాత్రాన వాదన నిలబడదని నాకంటే ఎవరికి బాగా తెలుసు? మీ వాదనకు పునాది ఒక్కటే: సోమవారం తొందరరావు మీ గురించే ఆలోచిస్తూ కూర్చుంటాడని. అది నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే, మీరు అడిగిన ప్రశ్నల్లో ఇంతవరకు నేను దాటేస్తూ వచ్చిన ఒకదానికి జవాబు చెప్పాలి.

"మీ కాలేజీకి వచ్చిన మిక్సీల కంపెనీ ఏమంది?" అని రెండు ఉత్తరాలుగా అడుగుతున్నారు. ఫలితం ఇంకా తేలలేదని రాశాను. అది నిజం కాదు. తేలింది, ఆ రోజే తేలింది. ఇంటర్వ్యూ చేసినాయన మాటల మధ్య, "ఈ తరానికి ఓపిక లేదు" అన్నాడు. ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. ఏ లెక్కల ఆధారంగా అంటున్నారని అడిగాను. ఆయన తడబడ్డాడు. నేను వదల్లేదు. ఆయన తరం ఓపికను, మా తరం ఓపికను పోల్చి, ఆయన మాటలతోనే ఆయన్ని ఓడించాను. పక్కనున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆయన ఫైలు మూసి, "మీరు గెలిచారమ్మా, వెళ్ళిరండి" అన్నాడు. కారిడార్‌లోకి వచ్చాక స్నేహితురాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఇద్దరికి ఆ ఉద్యోగం వచ్చింది.

ఆ తర్వాత మా కాలేజీ గడప తొక్కిన కంపెనీ లేదు. వస్తామన్నవాళ్ళు కూడా పరిస్థితులు బాగాలేవని రాలేదు. పోయిన వారం అదే మిక్సీల కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మనుషులు కావాలని ప్రకటించింది. తాత్కాలిక పని. రోజంతా ఫోనులో జనం తిట్లు వినే పని. అమ్మకు మాత్రమే చెప్పి వెళ్ళాను. ఎదుట కూర్చున్నది ఎవరో మీరు ఊహించే ఉంటారు.

ఆయనే ఉంటాడని ముందే తెలిసి, దారి పొడవునా మీలాగే అనుకున్నాను. పగ తీర్చుకుంటాడా, పాపమంటాడా అని. నాన్నా, ఆయన అలిసిపోయి ఉన్నాడు. బల్ల మీద దరఖాస్తులు గుట్టగా ఉన్నాయి, టీ చల్లారి మీగడ కట్టింది, మధ్య మధ్య పైవాళ్ళు ఫోన్ చేసి ఇంకా ఎంతసేపని గదమాయిస్తున్నారు. నన్ను గుర్తుపట్టాడు.

"మళ్ళీ వాదించడానికి వచ్చారా?"

"లేదండి, ఉద్యోగానికి వచ్చాను."

"మిక్సీ కొన్నతను ఫోన్ చేసి అడ్డదిడ్డంగా మాట్లాడుతున్నాడు. తప్పు అతనిది, న్యాయం మీది. ఏం చేస్తారు?"

నా నోటి నిండా సమాధానాలున్నాయి. మింగేశాను. "ముందు మిక్సీ తిరుగుతోందో లేదో అడుగుతాను. ఎవరిది న్యాయమో తర్వాత తేలుస్తాను" అన్నాను.

"తేల్చకపోయినా ఫరవాలేదు" అన్నాడు. నవ్వలేదు. తర్వాతి మనిషిని పిలవమన్నాడు. మర్నాడు ఫోన్ వచ్చింది.

ఇప్పుడు నా వాదన వినండి. ఆ గదిలో పగ లేదు, జాలీ లేదు. వాటికి ఆయనకు తీరిక లేదు. ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తే మనిషి కావాలి, తప్పుడు మనిషిని ఎంచుకుంటే ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఈ గడ్డుకాలం బల్లకు ఇవతలివాళ్ళకే కాదు, అవతలివాళ్ళకీ వచ్చింది. తొందరరావు బుర్రలో సోమవారం ఉండేది అంబులెన్సులు. తెల్ల రంగు మీద ఇసుక రేణువంత దుమ్ము కూడా దాగదు. బండి తిరిగొస్తే అడిగేది అతన్నే. దుమ్ము పడనివ్వని మనిషి ఒకరు అతనికి కావాలి. ఆ మనిషి ఎవరో అతని చేతులకు తెలుసు, గీకినవి ఆ చేతులే కాబట్టి. మిమ్మల్ని పిలిచింది అందుకే అని నేను పందెం కాస్తాను.

ఒకవేళ నేను పొరబడి, తొందరరావు జాలిపడే ఉద్యోగం ఇచ్చాడనుకోండి. తీసుకోండి. మొదటి బండి తలుపు మీద రంగు ఆరేలోగా అది జాలి కాకుండా పోతుంది.

మునుపటిలా ఫోర్‌మన్‌గా కాదు, మామూలు పెయింటర్‌గానే తీసుకుంటారని కూడా రాశారు. సరేననండి. కానీ, పని పెరిగితే తనిఖీ బాధ్యత ఎవరికిస్తారని ఒక్క మాట అడిగి రండి. అడిగినందుకు ఎవరూ ఉద్యోగం వెనక్కి తీసుకోరు. ఆదివారం గది తలుపు మూసుకుని, ఎందుకు మానేశారన్నదానికి నేను రాసిచ్చిన ఆ మూడు వాక్యాలూ గట్టిగా, పైకి వినబడేలా అనండి. మనసులో అనుకున్నవి నోటిదాకా రావడానికి దారి తప్పుతుంటాయి. ముఖ్యంగా, అక్కడ అతన్ని "మీరు" అనండి. పాత అలవాటున "ఏరా తొందరా" అన్నారో, ఇంత ఉత్తరమూ వృథా.

పెద్దవాళ్ళకు రాసే ఉత్తరం చివర "ఆపైన మీ ఇష్టం" అనడం మర్యాద. ఈ ఒక్కసారికి ఆ మర్యాద పాటించడం లేదు. వెళ్ళండి. నా పని మొదలయ్యేదీ సోమవారమే. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి తిట్టు వినే వేళకు మీరు ఆ షెడ్డులో, తొందరరావు ఎదుటి కుర్చీలో ఉండాలి. మనిద్దరిలో ఎవరికి ముందు చెమట పడుతుందో ఆ సాయంత్రం తేల్చుకుందాం.

ఇట్లు,
సోమవారం నుంచి ఉద్యోగస్తురాలు, ఎప్పటికీ మీ పెద్దమ్మాయి.