వేడి చేతులు

సముద్రం మీద తిరిగే నా ఇల్లాలికి, నేల మీద పిండి పిసికే నీ మొగుడు రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఓడా, మీరు తాడు కట్టి సముద్రంలోకి దింపే ఆ పొడుగాటి థర్మామీటరూ క్షేమమని తలుస్తాను. మొదటి వాక్యం మీ అమ్మ చెప్పి రాయించింది. "ముందు అందరం క్షేమమని రాయి. తర్వాత నీ సొద నువ్వు రాసుకో" అని పిండిబల్ల దగ్గర నుంచి కేకేసింది. రాశాను. ఇక నా సొద మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం సరుకుల పడవలో వచ్చి మొన్న చేరింది. నువ్వు అడిగినవి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. రొట్టె ఎందుకు పులుస్తోంది, నేను వేళకు తింటున్నానా, ఒక్క పైకప్పుకు సున్నం కొడితే సముద్రం చల్లబడుతుందా, ఈ ఎండల్లో అమ్మ ఇంకా పొయ్యి ముందే కూర్చుంటోందా. వేళకు తింటున్నాను. అమ్ముడుపోని రొట్టెలు నా పాలే కాబట్టి వేళ కానప్పుడు కూడా తింటున్నాను. అమ్మ సంగతి చివర్లో రాస్తాను. నువ్వు కంగారుపడి కాగితాలు తిరగేయకు, వరసగా చదువు. ఆమె ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని గుడ్డలు మడతపెడుతూ, నేనేం రాస్తున్నానో చూడనట్టు చూస్తోంది.

ముందు రొట్టె సంగతి. నేను ఇల్లరికం వచ్చిన కొత్తలో మీ నాన్నగారు "పిండిని పడుకోబెట్టావా?" అని అడిగితే నేను తెల్లబోయి నిలబడటం, నువ్వు నవ్వు ఆపుకోలేక వెనక గదిలోకి పారిపోవడం గుర్తుందా? మన బేకరీలో పిండిని పులియబెట్టరు, పడుకోబెడతారని నాకేం తెలుసు? ఆయన పద్ధతి ఒక్కటే. మనుషులు పడుకునేటప్పుడు పిండి పడుకోవాలి, వీధిలోకి మొదటి బస్సు వచ్చేసరికి లేవాలి. ఆయన ఉన్నన్నాళ్లూ పిండి ఆ మాట జవదాటలేదు.

నిరుటి నుంచి మాత్రం దానికి పెంకితనం వచ్చింది. బస్సు రావడానికి చాలా ముందే లేచి, కప్పిన గుడ్డను నెట్టుకుని, తొట్టి అంచు దాటి కిందికి దిగి కూర్చుంటోంది. దాన్ని కాలిస్తే పైన రంగు రాదు, లోపల పులుపు. రోజూ వచ్చేవాళ్లు మొహమాటానికి ఏమీ అనకుండా కొనుక్కుపోయి, మర్నాడు మొహం చాటేస్తున్నారు.

మీ అమ్మ తీర్పు నీకు తెలియనిదేం కాదు. తప్పు నా చేతులది. "నీవి వేడి చేతులు, అబ్బాయీ. ఆయనవి నూతి నీళ్లలా చల్లగా ఉండేవి" అని పెళ్లైన దగ్గర నుంచీ అంటున్న మాటే. ఇదివరకు నవ్వేసి ఊరుకునేవాణ్ని. ఈసారి నిజమేనేమో అని అనుమానం పట్టుకుంది. పిండి కలిపే ముందు చేతులు చన్నీళ్లలో పెట్టుకున్నాను. చాలలేదు. పెరట్లో తొట్టి పెట్టి, దాన్నిండా మంచుముక్కలు పోసి, అందులో మోచేతుల దాకా ముంచుకుని కూర్చున్నాను. చేతులు కొయ్యబారిపోయాయి. పిండి మాత్రం యథాప్రకారం బస్సు కంటే ముందే లేచింది.

నేనలా కూర్చుని ఉండగా పైవాటాలో అద్దెకుంటున్న సైన్సు టీచరమ్మ చూసి, ఏమైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. సంగతంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను గానీ నవ్వలేదు. మరి అత్తయ్యగారు కలిపిన రోజున పులవడం లేదా అని అడిగింది. అత్తయ్యకు మణికట్టు నొప్పి వచ్చినప్పటి నుంచీ కలిపేది నేనొక్కణ్నే. ఇంకెవరి చేతినీ పరీక్షించలేదు.

ఆ సాయంత్రం బతిమాలి అత్తయ్య చేతే కొంచెం పిండి కలిపించాను. అదీ ముందే లేచింది. మీ అమ్మ ఒప్పుకుంటుందా? "పైన గుడ్డ కప్పింది నువ్వేగా. నీ చేతి వేడి గుడ్డలోంచి దిగింది" అంది. ఏం చెప్పమంటావు.

దాంతో నాకు దురద పుట్టింది. తేలేదాకా ఊరుకోకూడదనుకున్నాను. ఒకే ముద్దను ముక్కలు చేసి, చిన్న గిన్నెల్లో వేసి, ఒకటి మెట్ల కింద, ఒకటి కిటికీ పక్కన, ఒకటి నీళ్ల తొట్టి దగ్గర, ఒకటి మన పిండి తొట్టి ఉండే వెనక గదిలో రేకుల కప్పు కింద అటక మీద పెట్టాను. ఒకటి టీచరమ్మ తీసుకుపోయి తన మంచం కింద పెట్టుకుంది. కలిపింది ఒక్క చెయ్యే. తెల్లవారి చూస్తే అటక మీది పిండి గిన్నె దాటి గోడ మీదికి పాకింది. మెట్ల కిందిది బుద్ధిమంతురాలిలా ఇంకా పడుకునే ఉంది. నేను ఆ గిన్నె పట్టుకుని ఇల్లంతా గంతులేశాను. తప్పు నా చేతులది కాదు, గదిది. పగలంతా ఎండను మింగిన రేకులు రాత్రంతా దాన్ని పిండి మీదికి వదులుతున్నాయి.

అప్పుడు మీ అమ్మ ఒక మంచి ప్రశ్న వేసింది. "ఆ రేకులు మీ మామగారి కాలం నుంచీ ఉన్నవే. ఇన్నాళ్లూ లేని రోగం ఇప్పుడెందుకు వచ్చింది?" ఇద్దరం కలిసి మేడ మీదికి వెళ్లి టీచరమ్మ తలుపు తట్టాం.

రేకులు మారలేదు, రాత్రుళ్లు మారాయి అందామె. ఇదివరకు చీకటి పడ్డాక నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసుకునేదట. ఇన్నేళ్లుగా మనం బొగ్గూ, నూనే, కట్టే తగలేస్తుంటే ఆ పొగతో పాటు కంటికి కనిపించని వాయువు ఒకటి పైకి చేరి, వేడిని పూర్తిగా పోనివ్వకుండా పట్టేస్తోందట. మీరు పిండి మీద పల్చటి గుడ్డ బదులు కంబళి కప్పితే ఏమవుతుందో అదే అంది. ఇద్దరికీ ఠక్కున అర్థమైంది. పిండి మీద కంబళి కప్పేవాణ్ని అత్తయ్య గుమ్మం కూడా ఎక్కనివ్వదు.

కిందికి దిగుతూ నేను మన పొగగొట్టం వైపు చూశాను. దాంట్లోంచి పోయే పొగ ఎక్కడికి పోతుందని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అనుకోలేదు. పైకి పోయింది, పీడా పోయింది అనుకున్నాను. అందులో కొంత ఎటూ పోకుండా మన నెత్తినే కూర్చుంటుందని ఎవరికి తెలుసు? ఆ కంబళిలో మన పొయ్యి నేసిన పోగు కూడా ఒకటుందన్నమాట. నువ్వు రాశావే, ఒకప్పుడు చెయ్యి పెడితే జివ్వుమనే చోట కూడా నీళ్లు గోరువెచ్చగా తగులుతున్నాయని, చేపలు చల్లటి చోటు వెతుక్కుంటూ వలస పోతున్నాయని. ఆ చేపలదీ నా పిండిదీ ఒకే కష్టమని నాకు అప్పుడు తోచింది.

తెల్లరంగు ఎండను రేకులు మింగకుండా వెనక్కి కొడుతుందని టీచరమ్మ చెబితే, వెనక గది కప్పుకు సున్నం కొట్టింది ఆ వారమే. లేదు, దానివల్ల సముద్రం చల్లబడదు. నువ్వు వేళాకోళానికి అడిగినా నేను నిజంగానే టీచరమ్మను అడిగాను. పొగ తగ్గితేనే అది అవుతుందట, అది ఊళ్లన్నీ కలిసి చెయ్యాల్సిన పనట. కానీ ఆ తెల్లకప్పు కింద గది చల్లబడింది. పిండి ఇప్పుడు బస్సు దాకా కాకపోయినా పాలవాడు వచ్చేదాకా పడుకుంటోంది. పక్కింటి దర్జీ వచ్చి మా అటక మీద చెయ్యి పెట్టి చూసి, వెళ్లి తన రేకులకూ కొట్టించుకున్నాడు. అతన్ని చూసి ఎదురింటివాళ్లు. ఇప్పుడు మేడ మీద నుంచి చూస్తే మన వీధి సగం పిండి చల్లిన బల్లలా ఉంది.

మీ అమ్మ ఇప్పుడే లేచి వెనక గదిలో పిండి తొట్టి చూసుకోవడానికి వెళ్లింది. గబగబా రాసేస్తాను.

వెనక గదికి సున్నం వేశాం గానీ ముందు గదిలో పొయ్యి ఉందిగా. దానికి ఏ సున్నం పనిచేస్తుంది? మధ్యాహ్నం బన్నులు కాల్చేటప్పుడు అక్కడ నిలబడితే ఊపిరాడదు. నేను కాలుస్తాను, మీరు లోపల పడుకోండని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. పొయ్యి ముందు పీట ఆమెది. దాన్ని ఇంకొకరికి ఇవ్వదు. ఒకరోజు నేను గోధుమపిండి తేవడానికి మిల్లుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అత్తయ్య పిండి బస్తాలకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. నన్ను చూసి, ఎప్పుడో పోయిన మీ నాన్నగారిని తలుచుకుని, ఆయన వచ్చారా అని అడిగింది.

మోకాళ్ల మీద కూలబడి నుదుటి మీద చెయ్యి వేశాను. ఆమె కళ్లు మూసుకుని, "చల్లగా ఉంది నీ చెయ్యి. తియ్యకు" అంది.

ఇన్నేళ్లలో మీ అమ్మ నోట ఆ మాట వినాలని నేనెంత ఆశపడ్డానో నీకు తెలుసు. విన్నాక భయమేసింది. అప్పుడే మిల్లు నుంచి బస్తా మోసుకొచ్చిన చెయ్యి అది. నిప్పులా ఉంది. అది చల్లగా తగిలిందంటే ఆమె ఒళ్లు ఎంత కాలిపోతోందో చూడు. టీచరమ్మను కేకేశాను. ఇద్దరం ఆమెను నీడకు చేర్చి, తడి దుప్పట్లు చుట్టి, విసురుతూ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. ఇప్పుడు లేచి తిరుగుతోంది, తింటోంది, నన్ను తిడుతోంది. నీకు రాయనని నా చేత ఒట్టు వేయించుకుంది. "సముద్రం మధ్యలో ఉన్న పిల్ల, ఈదుకుంటూ వస్తుందా?" అంది. మీ అమ్మ గురించి నీకు తెలియకుండా ఉంచడానికి నాకు మనసొప్పలేదు. ఒట్టు గట్టున పెట్టాను.

ఇంకొకటి ఉంది. అది రాయడానికి ఇంతకంటే భయంగా ఉంది. ఆమె ఆస్పత్రిలో ఉండగా నేను పొయ్యి ఆర్పేశాను.

మీ నాన్నగారు వెలిగించిన నిప్పు అది. రోజూ బూడిద కప్పి, పొద్దున్నే ఆ నిప్పులతోనే మళ్లీ రాజేసుకుంటూ వచ్చిన నిప్పు. ఆయన పోయిన రోజున కూడా నువ్వు ఏడుస్తూనే దాని మీద బూడిద కప్పావు. అదంతా గుర్తుండే, తెలిసే నీళ్లు పోశాను. అది ఉన్నంతకాలం మీ అమ్మ పీట కదపదు, ఇంకోసారి నేను వేళకు రాలేకపోవచ్చు. నిన్ను అడగలేదు, ఆమెను అడగలేదు. నీకు కోపం వస్తే రానీ, తిడుతూ రాయి. మళ్లీ ఇలాంటి రోజు వస్తే మళ్లీ ఆర్పుతాను.

ఇంటికొచ్చి చల్లారిన ఇటుకల మీద చెయ్యి పెట్టి చూసి, అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. ఆ మౌనం కొన్ని రోజులు నడిచింది. ఆ తర్వాత జరిగింది వింటే నువ్వు నమ్మవు. పక్క వీధి ఉప్పాయన లేడూ, మీ అమ్మ ఒకప్పుడు ఆయన రొట్టె కొరికి "సముద్రంలో ముంచావా?" అని నలుగురిలో అన్నందుకు ఆ పేరు స్థిరపడిపోయిన ఆయన? మన రొట్టె ఆయన పొయ్యిలో కాల్చుకోనిస్తాడా అని నేను సిగ్గు విడిచి వెళ్లి అడిగాను. ఆయన పొయ్యి పెరట్లో, నాలుగు వైపులా గాలి ఆడే పాక కింద ఉంది. సగం ఖాళీగానే మండుతోందట. ఇప్పుడు రెండు కొట్ల రొట్టె ఒక్క పొయ్యిలో, ఎండెక్కకముందే కాలుతోంది. రెండు గొట్టాల పొగ ఒక్కటైంది. అత్తయ్య మొదట ఒంటికాలి మీద లేచింది. ఆ తర్వాత, మన పిండిలో ఆయన ఉప్పు వేసేస్తాడేమోనన్న అనుమానం కొద్దీ, రోజూ పొద్దున్నే తోపుడుబండి వెంట తనే నడిచి వెళుతోంది. ఇద్దరూ పోట్లాడుకుంటూ ఉంటారు. వచ్చేటప్పుడు మొహం తేటగా ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం కొట్టు మూసి, ఒంటరిగా ఉండే ముసలివాళ్ల తలుపులు తట్టి చూసి రావడం టీచరమ్మా నేనూ పంచుకున్నాం. చేసేదేం లేదు. మంచినీళ్లు తాగారా అని అడగడం, అంతే. ఆ రోజు నేను మిల్లు దగ్గర ఇంకో కబురు చెప్పుకుంటూ నిలబడి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను ఇంట్లో కూర్చోనివ్వదు.

ఒక్కటే దిగులు మిగిలింది. మాట కలిపింది గానీ, ఆస్పత్రి నుంచి వచ్చాక మీ అమ్మ నా చేతుల ఊసు ఎత్తడం లేదు. నేను కలిపిన పిండిని ముట్టుకుని చూసి ఊరుకుంటోంది. ఆ రోజు తనేం అందో గుర్తుందో లేదో తెలియదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇదుగో, వచ్చేసింది. నా మొహం చూసి గుమ్మంలోనే ఆగింది. "రాసేశావు కదూ?" అంది. తలూపాను. "పొయ్యి సంగతి కూడానా?" మళ్లీ తలూపాను. తిడుతుందని తల వంచుకున్నాను. దగ్గరికి వచ్చి కలం ఉన్న చెయ్యి పట్టుకుని, కాసేపు అలాగే ఉంచుకుంది.

"కాలిపోతోంది" అంది. "ఈ వేడి చేతులతో పిండి ముట్టుకోకు. పోయి నీళ్లలో పెట్టుకుని రా."

వెళ్లి పెట్టుకుని వచ్చాను. తొట్టి దగ్గర చాలాసేపు కూర్చున్నాను, కళ్లు కూడా కడుక్కోవాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ అక్షరాలు కాస్త తడిసి అలుక్కుపోయాయి. మొదటి వాక్యం ఆమె చెప్తే రాశాను. ఈ వాక్యం నా అంతట నేను రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం.

ఇట్లు,
నీ మొగుడు,
మీ అమ్మకు వేడి చేతుల అల్లుడు