నీ పేరు పెట్టిన కల్వర్టు

ఒరేయ్ రఘూ,

మన మిరప చేలకు పోయే డొంకలో కల్వర్టు కట్టి, దానికి నీ పేరు పెట్టారు. మొదటి వానకే ఆ ఇరుకు తూముల్లోంచి నీళ్ళు పోలేక పక్కనున్న పత్తి చేలన్నీ మునిగాయి. సైన్యంలో ఇంజనీరుగా చేసినవాడి పేరు పెట్టడానికి ఇంతకంటే అధ్వానమైన కట్టడం దొరకలేదా వీళ్ళకి?

నువ్వు మాత్రం తక్కువవాడివా? యుద్ధంలో వెనక వచ్చేవాళ్ళ కోసం కొండదారిలో మందుపాతరలు తీస్తూ ముందు నడిచావు. ఒకటి పేలింది. ఇరవై ఆరేళ్ళు నీకు. "చూసుకుని చెయ్యరా" అని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. నా మాట ఎప్పుడు విన్నావు గనక?

నిన్న సర్పంచి గారింటికెళ్ళి గొడవపడ్డాను.

"మీ తమ్ముడి పేరు పెట్టాం కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడాయన.

"పేరన్నా తీసెయ్యండి, తూములన్నా మార్చండి" అన్నాను. చేలు మునిగిన రైతులు కూడా గట్టిగా అడిగేసరికి ఒప్పుకున్నాడు.

ఇవాళ పొద్దున పాత తూములు పెకలించారు. మేస్త్రీ నన్నే అడిగాడు. "ఎంత వెడల్పువి వెయ్యమంటారమ్మా?"

నాకేం తెలుసు? ఆ చదువు చదివింది నువ్వాయె. చిరాకులో "ఉండండి, మా తమ్ముణ్ణి అడిగి చెబుతా" అనేశాను.

ఎవరూ నవ్వలేదురా. పని ఆపి, అలాగే నిలబడ్డారు.

మీ అక్క