చూడకుండ ఎంచుకున్న యాట

ఆ, గట్లనే అను ప్రేమలతా. యాట నాది, కత్తి నాది, తప్పు గూడ నాదే. మీ తమ్ముడు సదానందం మాత్రం కడిగిన ముత్యం.

ఇక్కడ అందరం మంచిగున్నం. అందరమంటె నేనొక్కన్నే. అక్కడ నువ్వు, మీ అమ్మ గూడ మంచిగనే ఉంటరు, నన్ను తిట్టుకుంట కూసున్నోళ్లకు ఏ రోగం రాదు. ఫోన్ల నా నంబరు బ్లాక్ జేసి, ఘన్‌పూర్ కెల్లి పోస్టుల ఉత్తరం పంపుడేందో నాకు సమజ్ గాలె. అయినా అడిగినవు గన్క జవాబు రాస్తాన.

పెరట్ల చిక్కుడుకు నీళ్లు పోస్తానవా అని అడిగినవు. పోస్తాన. కాత లేదు. అది గూడ మీ దిక్కే ఉన్నట్టున్నది.

పాఠం చెప్పెతందుకు లోకంల నా తమ్ముడే దొరికిండా అని అడిగినవు. దొరికిండు, ఏంజేయాలె? ఐదో తరగతోళ్లకు భిన్నాలు చెప్తాన. ఎనిమిదిల ఒక వంతు పెద్దదా, ఆరుల ఒక వంతు పెద్దదా అంటె, ఎనిమిదే పెద్దదని ఒక్కటే లొల్లి. కాయితాలు మడిచి చూపెట్టిన, బోర్డు మీద చపాతీలు గీసిన. ఊహూ. ఆఖరుకు ఒక్క యాటను ఎనిమిది ఇండ్లోళ్లు పంచుకుంటె పోగు పెద్దగుంటదా, ఆరిండ్లోళ్లు పంచుకుంటె పెద్దగుంటదా అన్న. నోరు మూయకముందే చేతులు లేచినయ్. కూర కాడ మనూరోళ్లకు ఎవ్వలు లెక్కలు నేర్పొద్దు.

అక్కడ ఆపితె అయిపోతుండె. ఆపలే. యాటలు రెండైతే ఎట్ల అన్న. మా బామ్మర్ది దసరాకు మొక్కు తీర్సుకుంట రెండు కోసిండు. పెద్దదాన్ని ఎనిమిది ఇండ్లకు, బక్కదాన్ని ఆరిండ్లకు పోగులు పెట్టిండు. బక్కదాంట్ల పోగు నాకు అంటగట్టి, పెద్దదాంట్లది తను తీస్కున్నడు, ఎవలకు ఎక్కువొచ్చింది చెప్పుండ్రి అన్న. పోశయ్య మనుమడు లేచి, "యాటలు ఒక్కతీరు లేకుంటె వంతులు జూసి చెప్పరాదు సార్. మిమ్ముల మోసం జేసిండు" అన్నడు. నా సర్వీసుల గంత మంచి జవాబు ఇనలే. క్లాసంత నవ్వింది, సదానందం బిడ్డ సుహాసిని తప్ప.

పొద్దుగూకెవరకు ఊరంత మీ తమ్మున్ని పెద్దపోగు అని పిల్వవట్టె. ఆ పేరు నేను పెట్టలే. తెల్లారి నుంచి సుహాసిని బడి బంద్. ఆ పిల్ల బడికొస్తెనే నేను ఇంటికొస్తనని నువ్వు బ్యాగు సదురుకొని పోతివి. ఇక్కడ ఊళ్లె సదానందమేమో బిడ్డను నర్సంపేటల ప్రైవేటు బడిల ఏస్తనంటాండు.

ఇగ నీకొకటి చెప్పాలె. తిట్టుకుంటనే సదువు. మొక్కినోడు అందరికంటె ఎనుక తీస్కోవాల్నని మన కాడ రివాజు గద. మీ తమ్ముడు దాన్ని తప్పలే. కోసే ముందటి దినమే ఇంటికొచ్చి అందరికంటె ముందు నన్నే అడిగిండు. "బావా, ఆరిండ్లదాంట్ల ఉంటవా, ఎనిమిదిండ్లదాంట్ల ఉంటవా? యాటలు కొట్టంల కట్టేసి ఉన్నయ్, జర సూసి చెప్పు" అన్నడు.

చూసుడెందుకు, లెక్క నాకు రాదా అని కూసున్న కాడ్నుంచి లేవకుండ ఆరిండ్లదాంట్ల అన్న. నువ్వు ఆ బక్క పోగు గిన్నెల ఏసినంక గని తెల్వలే నేనెంత మొనగాన్నో. పిల్లల ముందల ఆ ముక్క మింగిన. చెప్తె మోసపోయిన సారును గాను, పాఠం రాని సారునైతనని.

నువ్వు రాసినట్టు కాళ్లు మాత్రం పట్టుకోను, ఆ ముచ్చట ఇడిసిపెట్టు. పిల్లల ముందల అన్న, పిల్లల ముందలనే ఒప్పుకుంట. బిడ్డను తీస్కొని ఇయ్యాల బడికి రమ్మని సదానందానికి కబురు పంపిన. వస్తడో రాడో తెల్వది. మీ ఖాందాన్ల పంతం తక్కువేం గాదు.

ఇట్లు,
కోపం ఇంక తగ్గని నీ ఇంటాయన,
కుమారస్వామి

బడిల కూసోని ఉత్తరం మడుస్తాంటె గేటు కాడ చప్పుడైంది. సుహాసిని చెయ్యి పట్టుకొని మీ తమ్ముడొచ్చిండు. బావా అంటలేడు, "కుమారస్వామి సార్" అని పిలుస్తాండు. పోతాన. పిల్లలకు ముందుగాల ఏం చెప్తనంటే, ఆ దినం కొట్టందాక పోయి సూడమని ఆయన అన్నడు గని నేనే చూడకుండ ఎంచుకున్న అని.